కాలు తడవని కట్టె

ఆషాఢంలో, పని లేని రోజుల్లో,
మాధవమాలలో మా పాకకి ఆ ఫోటో వచ్చింది.
తిరుపతిలో చరిత్ర పాఠాలు చెప్పే నీరజాక్షమ్మ
అడుగున్నర ఎత్తు నమూనా కావాలంది.
నార్వేలో చర్చి. మొత్తం కట్టె.
ఎనిమిది వందల ఏండ్లుగా నిలబడి ఉండాదట.

ఎనిమిది వందలా?
మా ఇంటి దూలానికి ముప్పై ఏండ్లకే చెదలు.

కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను.
ఒకదాని మీద ఒకటి ఎక్కిన కప్పులు,
తేరు అంతస్తుల మాదిరి
పైకి పోయేకొద్దీ చిన్నవైపోతా.
చేప పొలుసుల్లాంటి పలకలు.
కొసల్లో నోరు తెరిచిన పాములు.
పాములు కాదు, మన యాళికి దూరపు చుట్టాలు,
మంచు చూసి చూసి మెడలు సాగినవి.

పైన చూసింది చాలనుకుని కిందికి వచ్చాను.
మా మేనమామ దొరసామాచారి చెప్పేవాడు:
మనిషిని కండ్లు చూసి నమ్మాల, పనిని కాళ్ళు చూసి నమ్మాల.
ఉంది.
కంబాల కింద దుంగ, దుంగ కింద రాయి.
కట్టె ఎక్కడా మట్టిని తాకలేదు.
ఎవరో, పేరు చెక్కుకోని వడ్లాయన,
నాకు తెలియని భాషలో
నేను తిన్న తిట్లే తిని ఉంటాడు.

"చాలా పోయినాయి" అన్నదామె.
వెయ్యికి పైనే ఉండేవట. మిగిలినవి ముప్పై లోపే.
కొన్ని కాలినాయి.
కొన్నిటిని, జనానికి చాలడం లేదని,
ఊరివాళ్ళే విప్పేసినారు.
ఈ మాట దగ్గర నా ఉలి ఆగింది.

ఆ వారమే బొమ్మసానిపల్లె తేరు చూసి వచ్చి ఉన్నాను.
రేకుల షెడ్డు, కారే కుళాయి,
కుడివైపు ఇరుసు కింద వేలు పెడితే
తడిసిన బెల్లంలోకి దిగినట్టు దిగింది.
కమిటీ ప్రెసిడెంటు గజపతి నాయుడు
ఇనుప తేరు కొటేషన్ జేబులో పెట్టుకుని
"దీన్ని విప్పేసి పొయ్యి..." అని
దేవుడి వస్తువు కదా,
మిగతా మాట నోట్లోనే నమిలేశాడు.

ఆమె ఫోన్లో ఇంకో ఫోటో.
నిచ్చెన మీద ఒకడు, చేతిలో కుంచె,
చర్చి గోడకి తారు పూస్తా ఉండాడు.
రోడ్డు తారు కాదట,
పైన్ చెట్టు వేళ్ళని సన్నసెగన కాల్చి దించిన జిగురు.
ఎన్నేండ్లకొకసారి పూస్తారమ్మా?
"ఎండ తగిలే వైపు తొందరగా, నీడ వైపు నిదానంగా.
గోడ అడిగినప్పుడు."

గోడ అడిగినప్పుడు!
బయానా తీసుకోవడం మరిచిపోయాను.
మా అమ్మ ఇప్పనూనె అట్లాగే పూసేది,
రోకలికి, కవ్వానికి,
చివరికి నా పగిలిన మడమలకి.

నమూనా పక్కన పెట్టి బొమ్మసానిపల్లెకి పోయాను.
కుళ్ళినంత మేరకే కోశాను. రెండు జానలు.
మంచి కట్టెని ఒక్క బెత్తెడు కూడా తీయలేదు.
వేగిస ముక్క అతికి, చెక్క మేకులు దిగ్గొట్టినాక
రంగు పూయమన్నాడు నాయుడు,
పాతదాంట్లో కలిసిపోవాలని.
వద్దన్నాను.
నూరేండ్లకి ఇంకొకడు వచ్చి ఇక్కడ చేయి పెడతాడు,
వాడికి తెలియాల:
ఏది పెద్దోళ్ళది, ఏది నాది,
నా ఉలి ఎక్కడ భయపడి ఆగిందో.

నాయుడు కొటేషన్ చింపలేదు.
కుళాయి మాత్రం బాగు చేయించి,
చక్రాల కింద నాలుగు రాతిపలకలు వేయించాడు.
ఈ యేటికి అది చాలు.

తిరిగొచ్చి చర్చి ముగించాను.
లోపల ఎట్లా ఉంటుందో ఫోటోల్లో లేదు.
చీకటిగా ఉంటుందన్నదామె,
ఆ చీకటిని అట్లాగే వదిలేశాను.
పాముల్లో ఒకదానికి, చేతి అలవాటుకొద్దీ,
యాళి నాలుక పడింది. దిద్దలేదు.

ఇప్పనూనె పట్టించి వాకిట్లో ఆరబెడితే
పిల్లి వచ్చి వాసన చూసి,
ఒకసారి తుమ్మి,
దాని నీడలోనే పడుకుంది.