బుధారం నాలుగో పీరియడ్

మర్రిగూడ బడిలో
నీతి పాఠమని దాని పేరు.
కండ్లు మూసి, చేతులు జోడించి
అందరు శ్లోకం ఎత్తుకుంటరు.

సైదమ్మ నోరిప్పది.
ఫ్లోరైడ్ నీళ్ళకు గార పట్టిన పండ్లు
దాచుకుంటున్నదేమో అనుకున్న,
రెండు నెలలు చూసీ చూడనట్టున్న.

హెడ్మాస్టరు ఫారం పంపిండు:
పిల్లది ఏ మతం? ఏ ప్రార్థన?
జాన్‌పాడు సైదులుకు మొక్కితే పుట్టిందట.
తండ్రి బొడ్రాయికి నీళ్ళు పోస్తడు,
అమ్మమ్మ ఐతారం చర్చికి పోతది.
నా పెన్ను గడి మీద ఆగింది.

"నువ్వే చెప్పు బిడ్డా, ఏం రాయాలె?"

నవ్వింది,
గోధుమరంగు చారల పండ్లన్నీ కనబడేటట్టు.
సిగ్గు కాదది. నాకప్పుడు ఎరుకైంది.

"ఇంకా అనుకోలే సార్.
అనుకున్నంక నేనే రాస్త.
అప్పటిదాంక కిటికీ కాడ కూసోనా?
బత్తాయి తోటల బోరు ఏస్తున్రు,
నీళ్ళు పడ్డయో లేదో చూడాలె."

ఫారం ఖాళీగనే పంపిన.
మెమో వచ్చింది. మడిచి జేబుల పెట్టుకున్న.

కిటికీ రెక్క ఒకటి తుప్పుపట్టి ఇరుక్కుంది,
ఎన్నేండ్లాయెనో తెరవక.
ఇద్దరం కలిసి గుంజినం.