ఈక గాలం

మంగళవారం కొట్టుకు సెలవు.
తొలి బస్సుకే పెరంబూరు నుంచి ముట్టుకాడు.
చంకలో, నేనే కుట్టిన గలీబులో, లెస్లీ దొర గాలపు కర్ర.
మూడు సూట్ల కుట్టుకూలి బాకీ కింద
ఆయన నాకు వదిలిపోయిన ఆస్తి.

ఎర పెట్టను నేను.
పులియంతోపు కోడిపుంజు మెడ ఈకలు మూడు,
పెళ్లి రవికలో మిగిలిన జరీపోగు,
పైన నల్లదారం పదహారు చుట్లు, ముడి.
తడిస్తే అది పరిగె.
పొడిగా ఉంటే, మా ఆవిడ మాటల్లో, చీపురుముక్క.

పదకొండు దాటాక సముద్రం మీంచి గాలి లేస్తుంది.
ఊళ్లో దానికోసం కిటికీలు తెరుస్తారు.
తొడల్లోతు నీళ్లలో నుంచున్నవాడికి మాత్రం
అది ఇరుకు సందులో ఎదురొచ్చిన ఎద్దు.

"ముందుకు విసరడం ఎవడికైనా వస్తుంది,
వెనక్కి విసరడం నేర్చుకోరా" అనేవాడు లెస్లీ,
రైల్వే గ్రౌండులో, ఎండుగడ్డి మీద, చేప అన్నది లేని చోట.
వెనకాల దారం మొత్తం విప్పుకునేదాకా ఆగాలట.
ఆ ఆగడమే నాకు రాదు.
నలభై ఏళ్లుగా కాలు మిషను మీద ఆడుతూనే ఉంది.

మొదటి విసురు నా నెత్తి మీదే పడింది.
రెండోది కాలర్లో.
మూడోది చెవితమ్మెలో దిగింది.
సూదికి ఎప్పుడూ లోకువే నేను.

పది బారల అవతల కన్నెమ్మ,
బురదలో ఒట్టి చేతులతో రొయ్యలు తడుముతోంది,
తాటాకు బుట్ట పళ్ల మధ్య కరిచిపట్టుకుని.
బుట్ట తీసి నడుముకు దోపుకుంది.
వచ్చి, రొయ్యవాసన వేళ్లతో కొక్కెం లాగేసింది.
"చేప కింద ఉంది. నువ్వు ఆకాశాన్ని కొడుతున్నావు"
అంది అరవంలో, నవ్వకుండా.
మళ్లీ బుట్ట కరుచుకుంది. ఇంక మాటకు చోటు లేదు.

ఆటు మొదలైంది.
నీళ్లు మొగ వైపు, గాలి లోపలికి,
మధ్యన నా ఇరవై గజాల దారం.
కర్రను పక్కకు వంచి, నీళ్లకు జానెడెత్తున,
ఇస్త్రీ పెట్టె తోసినట్టు తోశాను.
గాలికి తెలియలేదు.
వంతెన కాలి నీడలో ఈక వాలింది.
ఒక లాగు. ఇంకో లాగు.
మూడో లాగుకు అవతలి కొస ఎవరో పట్టుకున్నారు.

పండుగప్ప!
గాల్లోకి లేచి మొప్పలు విదిలించింది,
తగరపు డబ్బాలో గుండీలు ఆడించినట్టు.
వేలు తెగింది. చెప్పు బురదలో పోయింది.
ఎంతసేపో తెలియదు, గడియారం గట్టు మీద సంచిలో ఉంది.

టేపు మాత్రం మెడలోనే ఉంది, సెలవు రోజున కూడా.
పొడుగు ఇరవై ఆరు. నడుము పదిహేను.
మగగా పుట్టి, పెరిగాక ఆడదవుతుందట ఈ చేప.
లెస్లీ చెబితే నమ్మలేదు.
ఒక్క కుట్టు విప్పకుండా అంత ఆల్టరేషనా!

కన్నెమ్మ నడుం నిలిపి చూస్తోంది.
నాలుగు కిలోలు.
ఆమెకది ఎనిమిది రోజుల బురద.
చేపను నీళ్లలో పట్టుకున్నాను, తల ఆటుకు ఎదురుగా,
దొర నేర్పినట్టు, ఊపిరి తిరిగేదాకా.
తోక ఒకసారి అరచేతిని తోసింది.

వదిలేశానని కొట్లో చెబుతాను.
జారిపోయిందని ఆమెకు చెప్పాను.
ఏది నిజమో నా చేతులు కూడా తేల్చలేదు.
ఆమె తుపుక్కున ఉమ్మి బురదలోకి వంగింది.

కొలతల పుస్తకంలో
ఎల్లమ్మాళ్ రవికకూ పోస్టుమాస్టరు ప్యాంటుకూ మధ్య
ఇరవై ఆరు, పదిహేను. పేరు లేదు.

మరుసటి వారం ఒక సంచి కుట్టి తీసుకెళ్లాను,
కాన్వాసుది, నడుముకు కట్టుకునేది, నీళ్లు కారిపోయేలా చిల్లులు పెట్టి.
తీసుకుంది. కుట్టు పీకి చూసింది. గట్టిదే అంది.
అందులో ఇప్పుడు తమలపాకులు పెట్టుకుంటోంది.
బుట్ట పళ్ల మధ్యే ఉంది.