కత్తిరించిన గుడ్డకి కొలత

గుణుపురంలో స్టేషన్ రోడ్డు వెనక
రెండు గదులు, ఒక మెట్ల వరుస, పైన ఇంకా లేని మేడ.
ఎనిమిది లక్షలకి బేరం కుదిరింది.
రెండు మావి: పదకొండేళ్ల జాకెట్లు, ఫాల్స్, బడి యూనిఫారాలు.
ఆరు అప్పు.

ఢిల్లేశ్వర్రావు పాతపట్నం నుంచి బండి మీద వచ్చాడు.
"ఒడియా బేంకులు మనల్ని తిప్పుతాయమ్మా,
మనోళ్లకి మనోళ్లం కాపోతే ఎలాగ?"
ఆ మాటకే మా అత్త
అతని టీలో ఇంకో చెంచా పంచదార వేసింది.

మాట తెలుగులో ఉంది.
ఇంటి దస్తావేజు ఒడియాలో ఉంది.
వడ్డీ మాత్రం ఇంగ్లీషులో,
సూదిబెజ్జంలో దూరేటంత అక్షరాల్లో ఉంది.

"పన్నెండు శాతమేనమ్మా. ఫ్లాటు."
"మేం కొనేది ఇల్లు కదా, ఫ్లాటు కాదే" అన్నాడు మా ఆయన.
అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

పెన్సిలుతో ఇంటూ గుర్తు ఉన్న చోటల్లా సంతకం.
ఎనిమిది పెట్టాను.
తొమ్మిదో కాయితం ఖాళీ.
"అది తరవాత మేం నింపుకుంటాం."

కలం ఆపి అడిగాను:
అయిదేళ్లలో సగం తీర్చేస్తాం కదా,
అప్పుడు వడ్డీ మిగిలిన సగానికేనా?
"లేదమ్మా, మొత్తం ఆరుకీ. ఫ్లాటంటే అదే."
ఎంత మామూలుగా అన్నాడో.

మిషను మీంచి లేచొచ్చాను కదా,
మెడలో టేపు అలాగే వేలాడుతోంది.
ఆరు మీటర్ల తానులో
మూడు కత్తిరించి ఇచ్చేశాక మిగిలేది మూడే.
పదేళ్లపాటు ఏటా దాన్ని ఆరని చూపించే టేపు
ఏ కొట్లో అమ్ముతారు?

సుద్దముక్కతో బల్ల మీదే లెక్క వేశాను.
ఏడాదికి డెబ్బై రెండు వేలు, పదేళ్లు:
ఆరుకి, ఏడు లక్షల ఇరవై వేలు వడ్డీ.
చేతికొచ్చేది ఆరు కూడా కాదు.
ఫీజు, బీమా, ఫైలు ఖర్చు పోగా
అయిదూ యాభై రెండు.
ముందుగా తీర్చేస్తే జరిమానా.
తీర్చినందుకా! మా అత్త చేతిలో చెంచా
గిన్నెలో పడింది.

ఒక్క రాత్రి కాయితాలు ఉంచండి అన్నాను,
కుంతలా అపా చూస్తుంది,
సహకార బేంకులో చేసి దిగిన మనిషి.
"ఈ రేటు ఇవాళ సాయంత్రం దాకానేనమ్మా."

నా లెక్క తప్పైనా కావచ్చు.
కానీ తెల్లారేలోగా చెడిపోడానికి
కాయితం, వంశధార చేప కాదు కదా.

సంతకాలు పెట్టిన ఎనిమిదీ లాక్కుని
గుడ్డ కత్తెరతోనే కోశాను.
కాయితం కోస్తే కత్తెర మొద్దుబారుతుందని
తెలిసే.

ఆ ఇల్లు ఇంకెవరో కొన్నారు.
నీలం రంగు వేశారు, మేడ లేపుతున్నారు.
స్టేషనుకి పోతే నేను చూస్తాను,
మా ఆయన చూడడు.
వానొస్తే అద్దింటి రేకు కింద
మిషనుకి గోనె కప్పుతాను.

కత్తెరకి సాన పట్టించాలి.
ఇంకా పట్టించలేదు.