కిందికి దిగిన ళ

పేజీకి ముప్పై పైసలు.
ఫ్యాను వేయకూడదు, కాగితాలు లేచిపోతాయి.
అమలాపురం కాలేజీ మేడమీద, ఉత్తరపు గదిలో
నేనూ, ఒక స్కానరూ,
అట్టలు ఊడిన రెండొందల పన్నెండు సిద్ధాంత గ్రంథాలూ.

మొదటి వారం ఒక్క ముక్కా చదవలేదు.
కుడిచేత్తో తిప్పడం, ఎడమచేత్తో నొక్కడం, అంతే.
తర్వాత చూపు దానంతటదే ఆగడం మొదలెట్టింది:
కొబ్బరికి పట్టిన నల్లి మీద మూడొందల పేజీలు,
దాని కిందే పడవ సరంగుల తిట్ల మీద నూట ఎనభై
(పక్కన ఎర్రసిరాతో, "మరీ ఇన్ని ఉదాహరణలా?"),
లేసు అల్లే నరసాపురం ఆడవాళ్ల మెడనొప్పి,
బొమ్మిడాయి పెట్టే గుడ్ల లెక్క,
కోరింగలో మడ ఆకు ఉప్పుని చెమటలా ఎలా కక్కుతుందో.
ఒకాయనైతే అయిదేళ్లు
ఎదుర్లంక రేవులో నిలబడి
పంటు దాటేలోపు జనం ఏం మాట్లాడుకుంటారో రాసుకున్నాడు.
ఆయనకి పట్టా వచ్చిందో లేదో.
అక్కడ వంతెన మాత్రం వచ్చింది.

వీళ్లకి ఒకరితో ఒకరికి మాటల్లేవు.
నల్లి ఆయనకి తిట్ల ఆయన ఎవరో తెలీదు.
అందరినీ ఎరిగినవాడు ఒక్కడే,
చివరి పేజీ అడుగున, చీమతలంత అక్షరాల్లో:
టైపు, చిక్కం సత్యానందం, ఎర్రవంతెన పక్కన.

ఇంగ్లీషుకో మిషనూ తెలుగుకో మిషనూ ఉండేవి కాబోలు.
తెలుగు దాంట్లో ఒకటే లోపం.
ళ నిలబడదు.
గీత మీంచి ఓ వెంట్రుకవాసి కిందికి దిగుతుంది.
కాళ్లు దిగేవి. నీళ్లు దిగేవి.
ఎనభై ఆరు వరద మీద రాసిన దాంట్లో
పేజీ పేజీకీ ఇళ్లు
నడుంలోతు దిగిపోయి ఉన్నాయి.
ఆయన కావాలని కొట్టి ఉండడు.
బాగుచేయించడానికి డబ్బులుండి ఉండవు.

ఈ కంప్యూటరు దాన్ని అక్షరం అనుకోదు, మరక అనుకుంటుంది.
నీళ్లు ఉన్నచోట "నీ లు" అని చూపిస్తుంది,
కళ్లు ఉన్నచోట "క లు".
రేపెవరో ఏ ఊళ్లోనో కూర్చుని
నీళ్లు అని వెతికితే
ఇన్ని పాయల మధ్యనుంచి
ఒక్క చుక్క కూడా రాదు.

అందుకని నింపుతున్నాను, ఒక్కొక్కటే.
ముప్పై పైసల్లో ఈ పని లేదు.
విరేచనాల మీద ఓ ఇంగ్లీషు గ్రంథం, వెనకాల తెలుగు ప్రశ్నలు:
"మంచినీళ్లు ఎవరు తెస్తారు? ఎన్ని అడుగులు?"
కింద ఎవరిదో వంకరటింకర రాత:
"నేనే. లెక్కెట్టలేదు."
అక్కడ ళ పెట్టి
కాసేపు ఊరికే కూర్చున్నాను.

గ్రంథానికిన్ని గడులు నింపాలి:
రాసినవారు, పర్యవేక్షకులు, శాఖ, ఏడు,
అయిదు మాటలు, వెతికేవాళ్లకి ఆనవాలుగా.
టైపు కొట్టినవాడికి గడి లేదు.
నల్లి, కొబ్బరి, తోట, మందు రాశాక
అయిదోది సత్యానందం అని కొట్టాను.
తిట్లు, సరంగు, రేవు, యాస, సత్యానందం.
ఇప్పుడా పేరు కొడితే
నలభై మూడు వస్తాయి ఒకే వరసలో,
బొమ్మిడాయి పక్కన మెడనొప్పి,
మడ ఆకు పక్కన పంటు కబుర్లు.
వీటిని ఇలా కూర్చోబెట్టే శాఖ
ఏ యూనివర్సిటీలోనూ ఉండదు.

శుక్రవారం లైబ్రేరియన్ ప్రభావతి గారు
కళ్లజోడు నుదుటికెత్తి తెర మీదికి వంగారు.
"ఈ సత్యానందం ఏంటి సువార్తా,
అన్నిట్లోనూ ఉంది? ఊరా?"

చేపండీ, అన్నాను.
అడుగున తిరిగే రకం.