పుత్తూరు కట్టు

నలభై వాక్యాలు రాసి పెట్టినాను దీని నోట్లో,
తిరుపతి ల్యాబులో, ఏసీ చలిలో.
"మీ మనఃస్థితి ఎలా ఉన్నది?" అనింది
పుత్తూరు హైస్కూలు తొమ్మిదో తరగతిలో.
వెనక బెంచీ పగలబడి నవ్వింది.
"ఎవురు మేడమ్ దీనికి పంతులు మాటలు నేర్పింది?"
ఆ పూటకే బుడంకాయ అని పేరు పడిపోయింది.

అప్పట్నుంచి చెరిపేదే నా పని.
వాక్యం తీసి మాట,
మాట తీసి "ఊఁ",
"ఊఁ" తర్వాత పదకొండు సెకన్లు ఊరుకోవడం.
ఊరుకోవడానికి కోడ్ రాయడమే
అన్నిటికంటే కష్టమైంది.

జులైలో, రేణిగుంట దాటినాక,
బస్సు కుదుపుకి దాని ఎడమ చెయ్యి విరిగింది.
కొత్తదానికి మూడు వారాలన్నారు.
మునీశ్వరి,
హాజరు తప్ప ఏమీ పలకని పిల్ల,
స్కేలు రెండు ముక్కలు చేసి
చున్నీ అంచు చించి
కీలు తడిమి తడిమి
వాళ్ళ తాత కట్టినట్టే కట్టింది.

"నొప్పిగా ఉండాదా? చెప్పు.
నేనెవురికీ చెప్పన్లే."

దాని కళ్ళ లైట్లు ఒకసారి ఆరి వెలిగినాయి.
పదకొండు సెకన్లు.
తర్వాత ఆ పిల్లే తన సంగతి మొదలుపెట్టింది.
నేను బయటికొచ్చి తలుపు దగ్గరికేసినాను.

ఆ రాత్రి మొదటి మాట దానికి నేర్పినాను,
ఆమె యాసలోనే.
రెండో మాట నేర్పలేకపోయినాను.
ప్రాణం మీదికొస్తే పెద్దోళ్ళకు చెప్పి తీరాలని
సంతకం పెట్టినదాన్ని నేనే.
ఆ ఖాళీ గీత దగ్గర
కర్సరు ఇంకా కొట్టుకుంటా ఉండాది.

కొత్త చెయ్యి వచ్చింది. పెట్టె తెరవలేదు.
కట్టు అట్నే ఉండాది,
చున్నీ రంగు కొంచెం మాసింది.