ఖాళీ బస్సు, నలభై నిమిషాలు

ఆఖరి పిల్లాడు మంగాఫ్‌లో దిగిపోయాక
డిపో చేరేదాకా నలభై నిమిషాలు
బస్సంతా నాదే.
కిటికీ అద్దాలకి చిన్న చిన్న వేలిముద్రలు,
సీటు కింద ఎవరిదో ఒంటి సాక్సు,
డ్రైవర్ మహ్రూస్ పెట్టుకునే మిస్రీ పాట,
ఒళ్లో నా పుస్తకం.

తొమ్మిదేళ్లలో ఎన్ని చదివానో లెక్క రాయలేదు.
దేశం వెళ్లిపోయేవాళ్ల సూట్‌కేసులో
ముప్పై కిలోలు దాటినవన్నీ నాకొచ్చేవి:
సగం వాడిన కందిపప్పు, పిడి ఊడిన కుక్కరు, పుస్తకాలు.
ఒకదానికి చివరి పదహారు పేజీలు లేవు.
అందులో పెద్దకోడలు ఇల్లు వదిలిందో, ఉండిపోయిందో
నాకిప్పటికీ తెలీదు.
ఏలియా అడిగితే మాత్రం
ఒక్కోసారి ఒక్కోలా చెప్పాను.
నాకు ఒళ్లు మండిన రోజున వెళ్లిపోయింది,
జీతమొచ్చిన రోజున ఉండిపోయింది.

ఏలియాది నైట్ డ్యూటీ.
తెల్లారి ఐదింటికి గుమ్మంలో
ఆయన లోపలికి, నేను బయటికి.
తాళంచెవి చేతులు మారే ఆ కాస్తలోనే
మా కాపురం, మా పోట్లాట,
గ్యాస్ అయిపోయిందన్న కబురు.
"క్లినిక్‌లో ఉద్యోగమంట, రికార్డుల గదిలో.
కూర్చునే పని. నలభై దినార్లు ఎక్కువ"
అని మెట్లమీంచి కేకేస్తే
ఆయన బూట్లు విప్పుకుంటూ
"దేవుడి చిత్తం" అన్నాడు.
ఆ మాట ఆయన కరెంటు పోయినా అంటాడు.

సరే, శుక్రవారం దేవుణ్ణే అడిగాను.
మా ప్రార్థన ఫహాహీల్లో ఒక బిల్డింగు సెల్లార్లో.
తొమ్మిదింటిదాకా మలయాళీలు,
పదకొండు దాకా మేము,
తర్వాత ఫిలిప్పీనోలు.
కూర్చునేసరికి కుర్చీ వెచ్చగా ఉంటుంది,
ఎవరో అప్పుడే అడిగి లేచిన వేడి.
ఆ వేడిమీద కూర్చుని నేనడిగేది
ఆయనకి కొత్తగా ఏం వినపడుతుంది?
జవాబేమీ రాలేదు.
పక్కనున్న సుగుణమ్మక్క మోచేత్తో పొడిచి
"చందా సంచి పట్టు" అంది.

కెజియాకి బడిలో కాగితం ఇచ్చారు:
అమ్మ ఏం చేస్తుంది?
దానికి తెలుగు నేర్పింది నేనే, ఆ చిరుగుల పుస్తకాల్లోంచే.
అందుకే దానికి వియ్యపురాలంటే తెలుసు,
పెరడంటే తెలుసు,
రెండూ చూడలేదు.
"బస్సు ఆయా" అని రాసి, కొట్టేసి,
పెన్సిలు కొరుకుతూ అడిగింది,
"వచ్చే నెల నుంచి ఏంటో అదే రాసెయ్యనా?"
"రాసెయ్" అన్నాను.
అది పడుకున్నాక
ఆ కొట్టేసిన గీతని చాలాసేపు చూశాను.

అకామా మారింది. చివరి రోజు
మహ్రూస్ నోటమాట లేకుండా
సముద్రం పక్క రోడ్డు పట్టాడు.
పాపం, ఆ పూటే దుమ్ము లేచింది.
సముద్రం ఉండాల్సిన చోట గోధుమరంగు గాలి.
నేను చదువుకుంటాననుకుని పాట ఆపేశాడు.
చదవలేదు.
ఏ సీట్లో ఎవరు వాంతి చేసుకున్నారు,
ఏ సీట్లో ఎవరికి మొదటి పన్ను ఊడింది,
అవే తిరగేస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు నా గదిలో
ఫైళ్లన్నీ కుడి నుంచి తెరుచుకుంటాయి.
నా చెయ్యి అలవాటుకొద్దీ తెరిస్తే
ముందు చివరి పేజీయే దొరుకుతుంది.
ఎవరికేమైందో చదవకూడదని
చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు.
పేరు, నంబరు. అంతే.
తొమ్మిదేళ్లు చివరి పేజీలకోసం అల్లాడినదానికి
ఎంత సరదా ఉద్యోగమిచ్చావు తండ్రీ!

కానీ ఏడింటిదాకా ఇంట్లోనే ఉంటాను.
ఐదు నుంచి ఏడు, పూర్తిగా రెండు గంటలు.
మొదటి వారం ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదు.
అద్దెకొచ్చిన కొత్తవాళ్లలాగా
ఒకే వంటగదిలో తప్పుకుంటూ తిరిగాం.
ఇవాళ రెండో టీ దగ్గర ఏలియా అడిగాడు,
"ఇంతకీ ఆ పెద్దకోడలు?"

ఆలోచించాను.
ఒళ్లు మండటం లేదు.
జీతమింకా రాలేదు.

పాలు పొంగుతున్నాయని లేచాను.