ఐదేళ్ల తర్వాత

ఆటోనగర్‌లో రొయ్యల కోల్డ్ స్టోరేజీ, మూడో అంతస్తు.
మెళ్లో నీలం ట్యాగు వేసుకున్న కుర్రాడు
నా కాగితం తిరగేసి, మళ్లీ తిరగేసి,
వెనక ఏమీ లేదని తేల్చుకుని అడిగాడు:
"ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు
ఎక్కడ చూసుకుంటున్నారు, అప్పలకొండ గారూ?"

ఈ ప్రశ్న వస్తుందని మా రోహిణి ముందే చెప్పింది.
రాత్రి చారన్నం కలుపుకుంటుంటే
ముద్ద ముద్దకీ ఆపి వల్లె వేయించింది:
"బాధ్యత గల స్థానంలో, సంస్థతో పాటు ఎదుగుతూ."
కూర్మన్నపాలెంలో బస్సెక్కేదాకా నోట్లోనే ఉంది.
పాత గాజువాక దగ్గర ఎవడో కాలు తొక్కాడు.
తిట్టడానికి నోరు తెరిచాను,
అప్పుడు జారిపోయి ఉంటుంది.

ఐదేళ్లు.
అంత పెద్ద కొలత నాకెవరూ ఇవ్వలేదు బాబూ.
పంతొమ్మిదేళ్లు ఫ్యాక్టరీ గేటు దగ్గర
మూడేసి నెలలకో ముద్ర వేసి ఇచ్చేవారు నా రేపటిని,
పాసు మీద సగం, ఫొటో మీద సగం.
ఒకసారి కంటి మీద పడేది, ఒకసారి మూతి మీద.
కిందటి శ్రావణంలో పడలేదు.
కొత్త ఫొటోలో నా ముఖం మొత్తం నేను చూసుకోవడం
అదే మొదలు.

పనంటారా, రిగ్గర్ని.
క్రేను దగ్గర నిలబడి చేతులతో మాట్లాడేవాణ్ణి.
పైన గాజుగదిలో సింహాద్రి, కింద నేను,
మధ్యలో ఇరవై టన్నుల ఇనుము.
ఆ మోతలో మాట ఆనదు.
చూపుడువేలు పైకి తిప్పితే ఎత్తు, కిందికి తిప్పితే దించు,
అరచెయ్యి చాపితే ఆగు.
తిరిగే వేలి మీద రెండో చెయ్యి గొడుగు పడితే
మెల్లగా.
సింహాద్రి గొంతు ఎలా ఉంటుందో
ఇప్పుడు అడిగితే చెప్పలేను.

చేరిన రోజు మేస్త్రీ ఒకటే చెప్పాడు:
"ఒరే గుంటడా, దిగే సోటు సూడకు, యేలాడేదాన్ని సూడు.
దాని కిందకి మాత్రం ఎల్లకు."
నేను చదువుకున్నది అంతే.

ఐదేళ్లకి నాకు యాభై ఒకటి.
ఎడమ మోకాలు నాకంటే ముందే రిటైరైపోతుంది.
రోహిణి ఫీజు ఇంకా మూడు వాయిదాలు,
ఇంటి మీద అప్పు ఎన్నో నాకు చెప్పరు.
కిటికీలోంచి యారాడ కొండ కనిపిస్తోంది.
బీచి వైపు వాళ్లకి దాని ముక్కు,
మా గాజువాకకి ఎప్పుడూ వీపే.
ఈ జవాబు చెప్పొచ్చా? చెప్పకూడదనుకుంటాను.

అంతలో ఏసీ గాలికి
కుర్రాడి ట్యాగు తిరగబడింది.
వెనక చిన్న అక్షరాల్లో: ట్రైనీ,
చెల్లుబాటు మార్చి ముప్పై ఒకటి వరకు.
నేను చదివానని చూశాడు.
మెల్లిగా సరిచేసుకున్నాడు, నీలం వైపు పైకి.

ఈసారి నా చేతులు వాటంతటవే లేచాయి,
చూపుడువేలు కిందికి,
దాని మీద రెండో అరచెయ్యి.
"అదేంటండీ?" అన్నాడు.
"ఏటీ నేదు బాబూ. రాసుకో.
బాధ్యత గల స్థానంలో."
రాసుకున్నాడు.

మిగతా సగం గుర్తు రాలేదు.
అతనూ అడగలేదు.